బకెట్ పోయింది, లిస్ట్ మిగిలింది: జియోకాషింగ్ మొదటి నాలుగు నెలల కేస్ స్టడీ

జియోకాషింగ్ ఎలా మొదలైందని ఎవర్ని అడిగినా ఒకటే కథ చెప్తారు. 2000 మే నెలలో అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రంలో డేవ్ ఉల్మర్ అనే ఆయన ఒక బకెట్‌లో సామాన్లు పెట్టి దాచాడు, ఎక్కడ దాచాడో జీపీఎస్ రీడింగ్ నెట్‌లో పెట్టాడు, జనం వెళ్ళి వెతికి పట్టుకున్నారు, అక్కణ్ణుంచి ఇది ప్రపంచం మొత్తం పాకింది. కథ నిజమే. కానీ అంతటితో ఆపేస్తే అసలు సంగతి చేతికి రాదు, ఎందుకంటే బకెట్ దాచడం ఒక్కపూట పని, పైగా ఆ బకెట్ కూడా ఎక్కువ కాలం అక్కడ నిలవలేదు, మరి హాబీ ఎలా బతికింది?

నేను సర్వే పనిలో ఉన్నవాణ్ణి. మొదట్లో హైదరాబాద్‌లో డీజీపీఎస్ సెట్లు, అంటే రెండు రిసీవర్లతో తప్పు తీసేసి కొలిచే జీపీఎస్, భుజాన వేసుకుని తిరిగేవాణ్ణి, ఇప్పుడు ఒరెగాన్‌లోనే పోర్ట్‌లాండ్ చుట్టుపక్కల అదే పని, సెలవు దొరికితే కాష్‌లు, అంటే ఇలా దాచిన డబ్బాలు, వెతకడం, నేను దాచినవాటిని చూసుకోవడం. అందుకే ఈ కేసుని రెండువైపుల నుంచీ చూద్దామనిపించింది, జీపీఎస్ లోపల ఏం మారింది, బయట మనుషులు ఏం చేశారు అని. 2000 మే 2 నుంచి సెప్టెంబర్ 6 దాకా, ఆ నాలుగు నెలలే తీసుకున్నా. ఈ హాబీకి కావాల్సిన సరుకంతా ఆ నాలుగు నెలల్లోనే తయారైపోయిందని నా నమ్మకం, తర్వాత జరిగిందంతా పెరగడమే.

ముందు ఆ వంద మీటర్ల గొడవ

జీపీఎస్ అమెరికా మిలిటరీది. 1983 సెప్టెంబర్ 1న కొరియన్ ఎయిర్‌లైన్స్ విమానం ఒకటి దారితప్పి సోవియట్ గగనతలంలోకి వెళ్తే కూల్చేశారు, 269 మంది చనిపోయారు. ఆ తర్వాతే రీగన్ ప్రభుత్వం, సిస్టమ్ సిద్ధమయ్యాక మామూలు జనం కూడా వాడుకోవచ్చని మాటిచ్చింది. మాటైతే ఇచ్చారు గానీ ఉన్నంత క్వాలిటీ అంతా ఇవ్వలేదు. 1990లో సెలెక్టివ్ అవైలబిలిటీ అని ఒకటి పెట్టారు, మేం ఎస్ఏ అంటాం. శాటిలైట్ గడియారం చెప్పే టైముని కావాలనే కొద్దికొద్దిగా అటూ ఇటూ జరపడమే ఎస్ఏ. జీపీఎస్ అంటే మొత్తం టైము లెక్కే కదా, సిగ్నల్ అక్కడ ఎప్పుడు బయల్దేరింది, ఇక్కడికి ఎప్పుడు చేరింది, ఆ తేడాని కాంతి వేగంతో గుణిస్తే దూరం వస్తుంది, కాబట్టి టైములో మైక్రోసెకనులో మూడో వంతు తేడా పడితే చాలు, దూరంలో వంద మీటర్లు తేడా పడుతుంది. మిలిటరీ రిసీవర్లకి ఈ తప్పుని విప్పుకునే కీ ఉంటుంది. మనలాంటి వాళ్ళకి వంద మీటర్ల వరకు తప్పు భరించాల్సిందే.

అది కళ్ళతో చూసినవాళ్ళకే తెలుస్తుంది. చేతిలో పట్టే చిన్న రిసీవర్ తీసుకెళ్ళి డాబా పిట్టగోడ మీద పెట్టి వదిలేస్తే, అది కదలకుండా అక్కడే ఉన్నా స్క్రీన్ మీద మాత్రం ఏదో ఒక స్పీడ్ చూపిస్తూ ఉండేది, మనిషి మెల్లగా నడుస్తున్నట్టు. రీడింగ్‌లో డిగ్రీల పక్కన నిమిషాలుంటాయి, డిగ్రీలో అరవయ్యో వంతు ఒక నిమిషం, ఆ నిమిషాల అంకెలో మూడో దశాంశం సరే, రెండోది కూడా నిలబడేది కాదు. ట్రాక్ ఆన్ చేసి గంట తర్వాత వచ్చి చూస్తే పిల్లలు పలక మీద గీకిన పిచ్చిగీతల్లా ఉండేది, ఆ గీతల్లో పిట్టగోడ ఎక్కడుందో ఎవరూ చెప్పలేరు.

సర్వే వాళ్ళం దీన్ని ఎలా దాటేవాళ్ళమంటే, రెండు రిసీవర్లు పెట్టేవాళ్ళం. ఒకటి ముందే కొలిచి పెట్టుకున్న పాయింట్ మీద, దాన్ని బేస్ అంటాం, ఇంకోటి మనకి కావాల్సిన చోట, అది రోవర్. రెండింటి మీదా పడే తప్పు దాదాపు ఒకటే కాబట్టి ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేస్తే పోతుంది. అమెరికాలో కోస్ట్ గార్డ్ వాళ్ళు ఓడల కోసం ఈ కరెక్షన్లని రేడియోలో పంపేవాళ్ళు కూడా. ఇలా తప్పుని తీసేసే దారులు ఎక్కువయ్యేకొద్దీ ఎస్ఏ వల్ల ప్రయోజనం తగ్గుతూ వచ్చింది, 1996లోనే పదేళ్ళలోపు దీన్ని ఆపేస్తామని ప్రభుత్వం చెప్పింది, చివరికి 2000 మే 1న క్లింటన్ ప్రకటించాడు, ఆ అర్ధరాత్రే ఆపేశారు. వాషింగ్టన్‌లో అర్ధరాత్రి అంటే ఇండియాలో మే 2 పొద్దున తొమ్మిదిన్నర. ఎవరూ కొత్త రిసీవర్ కొనక్కర్లేదు, ఏ సెట్టింగూ మార్చక్కర్లేదు, ప్రపంచంలో ఎవరి చేతిలో ఏ పాత సెట్ ఉంటే అదే ఒక్కసారిగా బాగుపడింది. ఇది చాలా అరుదైన విషయం. కొత్త టెక్నాలజీ వస్తే ముందు డబ్బున్నవాళ్ళకి చేరుతుంది, తర్వాత మెల్లగా మిగతావాళ్ళకి, ఇక్కడ మాత్రం అందరికీ ఒకే నిమిషంలో చేరింది.

ఎంత బాగుపడిందో మన లెక్కలో చెప్తా. వంద మీటర్ల తప్పు అంటే వంద మీటర్ల వ్యాసార్థంతో గుండ్రం గీస్తే ఆ లోపల ఎక్కడైనా ఉండొచ్చు అని, అది దాదాపు 31,400 చదరపు మీటర్లు, ఏడున్నర ఎకరాల పైమాటే. అదే తప్పు పది మీటర్లకి దిగితే 314 చదరపు మీటర్లు, అంటే సుమారు 375 గజాల ప్లాట్. తప్పు పది రెట్లు తగ్గితే వెతకాల్సిన జాగా వంద రెట్లు తగ్గుతుంది. ఇక్కడ ఇంకో మెలిక ఉంది, కొత్తగా కాష్ దాచేవాళ్ళు చాలామంది ఇది ఆలోచించరు: దాచినవాడి రిసీవర్‌లో ఒక తప్పు ఉంటుంది, వెతికేవాడి రిసీవర్‌లో ఇంకో తప్పు ఉంటుంది. రెండు తప్పులూ ఎప్పుడూ ఒకే దిక్కుకి పడవు కాబట్టి కలిస్తే రెట్టింపు కావు, పది మీటర్లు సుమారు పద్నాలుగు అవుతాయి, వంద మీటర్లు నూట నలభై అవుతాయి. అంటే ఎస్ఏ ఉన్న రోజుల్లో ఎవరైనా డబ్బా దాచి రీడింగ్ ఇచ్చి ఉంటే, వెతికేవాడు పదిహేను ఎకరాల అడవి గాలించాలి. ఎవరు గాలిస్తారు?

ఎస్ఏ ఉన్నప్పుడు కూడా ఆడుకున్నారు

జీపీఎస్‌తో ఆట అంటే అప్పటిదాకా లేనిదేం కాదు. 1996లో అలెక్స్ జారెట్ అనే ఆయన డిగ్రీ కన్‌ఫ్లుయెన్స్ ప్రాజెక్ట్ మొదలుపెట్టాడు. అక్షాంశం, రేఖాంశం రెండూ పూర్తి అంకెలుగా ఉండే చోటికి వెళ్ళాలి, ఫోటోలు తీయాలి, ఎలా వెళ్ళారో రాయాలి. మన తెలంగాణలో 17 డిగ్రీల ఉత్తరం, 78 డిగ్రీల తూర్పు కలిసే చోటు హైదరాబాద్‌కి నైరుతిగా ఒక అరవై డెబ్బై కిలోమీటర్లలో పడుతుంది, అలాంటివన్నమాట. అక్కడ రూల్ ఏంటంటే ఆ బిందువుకి వంద మీటర్లలోపు చేరితే చాలు, వెళ్ళినట్టే. ఆ రూల్ చూసినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది, ఎందుకంటే ఆ కాలపు రిసీవర్ ఎంతవరకు చేయగలదో ఆట కూడా అంతే అడిగింది. అక్కడ వెతకడానికి వస్తువేం లేదు, ఫోటోనే సాక్ష్యం, కాబట్టి వంద మీటర్ల తప్పుతో కూడా నడిచింది.

ఇంకో వైపు వస్తువు దాచి వెతికే ఆట ఇంగ్లండ్‌లో ఎప్పటి నుంచో ఉంది, లెటర్‌బాక్సింగ్ అని. 1854లో డార్ట్‌మూర్‌లో జేమ్స్ పెరట్ అనే గైడు, క్రాన్‌మీర్ పూల్ అనే మారుమూల చోట ఒక సీసా పెట్టాడు, అక్కడిదాకా నడిచొచ్చినవాళ్ళు తమ విజిటింగ్ కార్డు అందులో వేసి వెళ్ళేవాళ్ళు. తర్వాత తర్వాత రబ్బరు స్టాంపులు, పుస్తకాలు వచ్చాయి. దానికి జీపీఎస్ అక్కర్లేదు, గుర్తులు చెప్తే చాలు, ఫలానా రాయి దగ్గర నుంచి ఇన్ని అడుగులు అని.

అంటే 2000 మే నాటికి రెండు ముక్కలూ విడివిడిగా ఉన్నాయి. ఒకటి అంకెలు పట్టుకుని ఊరు కాని ఊరు వెళ్ళి నెట్‌లో రిపోర్ట్ రాసే అలవాటు, ఇంకోటి డబ్బా దాచి లోపల పుస్తకంలో సంతకం పెట్టించే అలవాటు. ఈ రెండూ కలవకుండా అడ్డం పడుకున్నది ఆ వంద మీటర్లే.

మే 3, బీవర్‌క్రీక్

ఉల్మర్ కంప్యూటర్ కన్సల్టెంట్. యూజ్‌నెట్ అని అప్పట్లో నెట్‌లో జనం చర్చించుకునే గ్రూపులు ఉండేవి, అందులో శాటిలైట్ నావిగేషన్ మీద మాట్లాడుకునే ఒక గ్రూప్‌లో ఉండేవాడు. ఆ గ్రూప్‌లో ఉన్నవాళ్ళు ఎవరో కాదు, రిసీవర్లు సొంతంగా కొనుక్కుని, ఎస్ఏ ఎప్పుడు పోతుందా అని ఎదురుచూసినవాళ్ళు. ఎస్ఏ పోగానే వాళ్ళందరికీ ఒకటే తహతహ, నా సెట్ ఇప్పుడు ఎంత కరెక్ట్‌గా చూపిస్తోందో పరీక్షించాలని. ఉల్మర్ ఆ తహతహకి ఒక ఆట రూపం ఇచ్చాడు. వేరేవాళ్ళు దాచిన వస్తువుని నీ రిసీవర్‌తో కనుక్కోగలిగితే అంతకి మించిన పరీక్ష ఏముంది, రెండు రిసీవర్లనీ ఒకేసారి పరీక్షించినట్టే.

మే 3న పోర్ట్‌లాండ్‌కి దగ్గర్లో, బీవర్‌క్రీక్ పక్కన చెట్లున్న చోట ఒక నల్ల ప్లాస్టిక్ బకెట్‌ని చాలావరకు భూమిలోకి దించి పెట్టాడు. లోపల మ్యాపుల సాఫ్ట్‌వేర్, వీడియోలు, పుస్తకాలు, కొంత డబ్బు, ఒక ఉండేలు, తినే సామాను, అందులో ఒక బీన్స్ డబ్బా. వీటితోపాటు ఒక లాగ్ బుక్, ఒక పెన్సిల్. రీడింగ్ ఇది: ఉత్తరం 45 డిగ్రీల 17.460 నిమిషాలు, పడమర 122 డిగ్రీల 24.800 నిమిషాలు. రూల్ ఒకే ఒక్కటి పెట్టాడు, ఏదైనా తీసుకుంటే ఏదైనా పెట్టి వెళ్ళండి, పుస్తకంలో రాయండి.

ఆ రీడింగ్‌లో మూడో దశాంశాన్ని కాస్త చూడండి. ఒక నిమిషంలో వెయ్యో వంతు అంటే ఉత్తర దక్షిణాల్లో 1.85 మీటర్లు, 45 డిగ్రీల అక్షాంశం దగ్గర తూర్పు పడమరల్లో 1.3 మీటర్లు. రెండు రోజుల ముందు వరకు అక్కడ మూడో అంకె రాయడానికి అర్థమే లేదు, రాసినా దానికి విలువ లేదు. ఈ రోజుకీ కాష్‌ల రీడింగులు డిగ్రీలు, నిమిషాలు, నిమిషానికి మూడు దశాంశాలు, ఇదే పద్ధతిలో రాస్తాం.

అప్పటి రిసీవర్‌తో వెతకడం ఎలా ఉండేదో ఇప్పుడు ఫోన్ చేతిలో పెట్టుకుని పుట్టినవాళ్ళకి చెప్పాలి. చాలా సెట్లలో మ్యాప్ ఉండదు. నాలుగైదు బటన్లతో ఒక్కో అంకె తిప్పుకుంటూ రీడింగ్ ఎక్కించాలి, ఒక్క అంకె తప్పు కొడితే పక్క కొండకి పోతారు. బాణం గుర్తు చూపిస్తుంది గానీ లోపల దిక్సూచి లేనివే ఎక్కువ, మనం నడుస్తుంటేనే ఏ దిక్కుకి పోతున్నామో దానికి తెలుస్తుంది, ఆగితే బాణం ఎటు పడితే అటు తిరుగుతుంది. పైగా ఈ ప్రాంతమంతా డగ్లస్ ఫర్ చెట్లు, ఆకాశం కనపడదు, వాన పడి ఆకులు తడిగా ఉంటే సిగ్నల్ ఇంకా నీరసం. అందుకే పాతవాళ్ళు నేర్పే మొదటి పాఠం ఏంటంటే, పది పదిహేను మీటర్ల దూరానికి వచ్చాక మిషన్ జేబులో పెట్టేసి కళ్ళతో చూడు అని. నేనే దాచే మనిషినైతే ఇక్కడ ఎక్కడ దాస్తాను అని ఆలోచించాలి. ఆటలో రుచి అంతా ఆ చివరి పది మీటర్లలోనే ఉంది, ఎస్ఏ పోవడం వల్ల దొరికింది కూడా సరిగ్గా ఆ పది మీటర్లే.

మూడు రోజుల్లో ఇద్దరు విడివిడిగా వెళ్ళి కనుక్కుని, ఎలా దొరికిందో నెట్‌లో రాశారు. మొదట కనుక్కున్నవాడు మైక్ టీగ్, నది అవతల వాషింగ్టన్ రాష్ట్రంలోని వాంకూవర్ ఊరివాడు. ఆ వారంలోనే వేరేవాళ్ళు తమ తమ ఊళ్ళలో దాచడం మొదలుపెట్టారు. మే 11న కాన్సస్‌లో పెట్టిన మింగో అనే కాష్ ఈ రోజుకీ ఉంది, నడుస్తున్నవాటిల్లో అదే అన్నిటికన్నా పాతది. జూన్ వచ్చేసరికి ఐర్లాండ్ కూడా చేరింది.

టీగ్ చేసిన పని

ఈ కేసులో నాకు అందరికన్నా ముఖ్యమైన మనిషి మైక్ టీగ్. మొదట కనుక్కున్నాడని అందరూ చెప్తారు. ఆయన చేసిన పెద్ద పని అది కాదు.

మే నెలలో పరిస్థితి ఊహించండి. ఒకాయన యూజ్‌నెట్‌లో రీడింగ్ పెడతాడు, దాని కింద పాతిక రిప్లైలు, మధ్యలో వేరే చర్చ, వారం తిరిగేసరికి ఆ పోస్ట్ ఎక్కడో అడుగున పడిపోతుంది. ఇంకొకాయన ఇంకో చోట పెడతాడు. కొత్తగా విన్నవాడికి మా ఇంటి దగ్గర ఏమైనా ఉందా అని తెలుసుకునే దారి లేదు. దాచినవాడికి తన డబ్బా ఇంకా ఉందో లేదో తెలీదు. అలా వదిలేస్తే ఇది రెండు మూడు నెలల సరదాగా ముగిసిపోయేది, యూజ్‌నెట్‌లో అలాంటివి ఎన్నో వచ్చి పోయాయి.

టీగ్ ఆ చెల్లాచెదురుగా ఉన్న పోస్టులన్నిటినీ ఏరి, ప్రపంచంలో ఎక్కడెక్కడ ఏం దాచారో తన సొంత పేజీలో ఒక్క చోట పెట్టడం మొదలుపెట్టాడు. ఎవరూ అడగలేదు, ఎవరూ డబ్బులివ్వలేదు. మాట్లాడుకోవడానికి ఒక మెయిలింగ్ లిస్ట్ కూడా పుట్టింది, అంటే ఒకరు రాసిన ఈమెయిల్ గ్రూప్‌లో అందరికీ వెళ్ళేది. సర్వే ఆఫీసులో పనిచేసినవాళ్ళకి ఈ పని విలువ వెంటనే తెలుస్తుంది. ఫీల్డ్‌లో వంద రాళ్ళు పాతొచ్చు, కానీ రిజిస్టర్‌లో ఎక్కని రాయి ఉన్నా లేనట్టే. పదేళ్ళ తర్వాత వచ్చినవాడు రాయి చూసి రిజిస్టర్ వెతకడు, రిజిస్టర్ చూసి రాయి వెతుకుతాడు.

ఉల్మర్ ఆటకి పెట్టిన పునాది గొప్పదే, ఆ లాగ్ బుక్ ఆలోచన లేకపోతే అసలు ఏదీ లేదు. డబ్బాలో ఏముందో అది తీసుకున్నవాడి సొంతం, కానీ పుస్తకంలో రాసింది తర్వాత వచ్చే అందరిదీ. టీగ్ అదే లాగ్ బుక్‌ని పెద్దది చేశాడు, ఒక్క బకెట్‌కి బదులు అన్ని బకెట్లకీ కలిపి. నా దృష్టిలో ఈ రెండో పుస్తకంతోనే హాబీ పుట్టింది.

పేరు సంగతి కూడా ఈ నెలలోనే. మొదట్లో స్టాష్ అనేవాళ్ళు, ఆ మాటకి దొంగచాటు సరుకు అనే వాసన ఉంది, పోలీసులకీ పార్కులవాళ్ళకీ అలా పరిచయం చేసుకుంటే ఎలా అని మాట్లాడుకున్నారు. మే 30న మాట్ స్టమ్ అనే ఆయన మెయిలింగ్ లిస్ట్‌లో జియోకాషింగ్ అన్న పేరు ప్రతిపాదించాడు. అదే నిలబడింది.

సెప్టెంబర్ చేతులు మారడం

జూలైలో సియాటిల్‌లో వెబ్ డెవలపర్‌గా పనిచేసే జెరెమీ ఐరిష్, టీగ్ పేజీ చూశాడు. చూసి, రిసీవర్ కొనుక్కుని, వెళ్ళి ఒక కాష్ వెతికి పట్టుకుని, ఆ ఉత్సాహంతోనే టీగ్‌కి రాశాడు, దీనికి ఇంకా మంచి సైట్ కడదామని. సెప్టెంబర్ 2న జియోకాషింగ్ డాట్ కామ్ మొదలైందని మెయిలింగ్ లిస్ట్‌కి చెప్పాడు, టీగ్ లిస్ట్‌లో ఉన్నవన్నీ అందులోకి ఎక్కించాడు. అప్పటికి ప్రపంచం మొత్తం మీద తెలిసిన కాష్‌లు 75. సెప్టెంబర్ 6న టీగ్, ఇక నుంచి కాష్‌ల లిస్ట్ బాధ్యత ఐరిష్ చూసుకుంటాడని అందరికీ చెప్పాడు.

ఈ నాలుగు రోజుల మీద నేను కావాలనే ఎక్కువసేపు ఆగుతున్నా. సొంతంగా కట్టుకున్నదాన్ని వేరేవాళ్ళ చేతిలో పెట్టడం అంత తేలిక కాదు, మన సంఘాల్లో, కాలనీ అసోసియేషన్లలో, ఆఖరికి వాట్సాప్ గ్రూప్ అడ్మిన్ దగ్గర కూడా చూస్తూనే ఉంటాం, వదలరు. టీగ్ వదిలాడు, అదీ పద్ధతిగా, పాత లిస్ట్ అప్పజెప్పి, తన నోటితో తనే ప్రకటించి. లిస్ట్ చేతులు మారింది గానీ ఎక్కడా తెగలేదు. అందుకే 2000 మేలో దాచిన కాష్‌కి అప్పటి నుంచి ఇప్పటిదాకా చరిత్ర ఒకే పేజీలో దొరుకుతోంది.

కొత్త సైట్‌లో ఐరిష్ పెట్టినవి చూస్తే అవన్నీ లిస్ట్‌ని ఇంకా బలంగా చేసేవే. ఆన్‌లైన్ లాగ్, అంటే అడవిలో పుస్తకంలో రాసింది ఇంటికొచ్చి సైట్‌లో కూడా రాయడం. మ్యాపులు. దాచినవాడు తన కాష్‌ని తనే చూసుకునే సదుపాయం. ఆన్‌లైన్ లాగ్ వల్ల జరిగిన మేలు చాలా పెద్దది, దొరికింది అనే మాటతోపాటు దొరకలేదు అనే మాట కూడా రికార్డ్ అయింది. వరసగా నలుగురు దొరకలేదు అని రాస్తే డబ్బా పోయిందని యజమానికి కబురు అందినట్టే, ఆ కబురు లేకపోతే పోయిన డబ్బా కోసం జనం వెళ్తూనే ఉంటారు.

ఆ శరదృతువులో స్లాష్‌డాట్ అనే టెక్ వార్తల సైట్‌లో వచ్చింది, న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చింది, జనం ఒక్కసారిగా పెరిగారు. సైట్ నడపడానికి డబ్బు లేదు, ఐరిష్ ఇంకో ఇద్దరు తోటివాళ్ళతో కలిసి, ఎవరో ఇచ్చిన 144 టీషర్టులు అమ్మి మొదటి ఖర్చులు గట్టెక్కించారు. 2010లో కాష్‌లు పది లక్షలు దాటాయి, 2013లో ఇరవై లక్షలు. ఆ తర్వాతి లెక్కలు ఈ కేసుకి అక్కర్లేదు.

మొదటి బకెట్ ఈ రోజైతే పాస్ కాదు

ఇప్పుడు ఎవరైనా కొత్త కాష్ పెట్టాలంటే సైట్‌కి పంపాలి, ఆ ప్రాంతం చూసే వాలంటీర్ రివ్యూయర్ చదివి ఓకే చేయాలి. ఉల్మర్ బకెట్‌ని ఈ రోజు అలాగే పంపితే వెనక్కి వచ్చేస్తుంది. చాలావరకు భూమిలో పాతాడు, ఇప్పుడు స్థలం యజమాని ఒప్పుకోకుండా నేల తవ్వకూడదు. లోపల తినే సామాను ఉంది, అది కుదరదు.

ఈ రూల్స్ ఎవరో ఆఫీసులో కూర్చుని రాసినవి కాదు, ఒక్కో రూల్ వెనక ఒక్కో అనుభవం ఉంది. తిండి సంగతే తీసుకోండి. నాకు ఒకసారి పాత కాష్ ఒకటి దొరికింది, గట్టి ప్లాస్టిక్ డబ్బా, మూతకి నాలుగువైపులా క్లిప్పులు, చూడ్డానికి భద్రంగానే ఉంది. ఎవరో లోపల చాక్లెట్ వేసి వెళ్ళారు. ఒక మూల మొత్తం ఏదో జంతువు కొరికేసింది, ఆ కంతలోంచి వాన నీళ్ళు చేరి, లాగ్ పేపరు ముద్దయిపోయి, పెన్నుతో రాసినవన్నీ నీలం మరకలుగా కలిసిపోయాయి. పెన్సిల్‌తో రాసినవాళ్ళ పేర్లు మాత్రం ఆ ముద్దని మెల్లగా విప్పితే చదవగలిగేలా ఉన్నాయి. పెన్సిల్ పెట్టండి అని పాతవాళ్ళు ఎందుకు చెప్తారో ఆ రోజు కళ్ళారా చూశా. వాసన వచ్చే ఏదైనా సరే, సబ్బు, కొవ్వొత్తి కూడా, లోపల పెట్టకూడదు.

తవ్వడం విషయం ఇంకా సీరియస్. జనం నేలలో ఏదో తవ్వుతున్నారంటే పార్కులవాళ్ళకి భయం సహజం, మొక్కలు పోతాయి, చారిత్రక ప్రదేశాలైతే పాతవి పాడవుతాయి. అమెరికా నేషనల్ పార్కుల్లో డబ్బాలు వదిలి వెళ్ళడాన్ని మొదట్లోనే ఒప్పుకోలేదు. వాళ్ళ కోపం న్యాయమైనదే అని నేనంటా, హాబీ తప్పుకాదు గానీ అనుమతి లేకుండా దాచడం తప్పు. ఆ ఒత్తిడి వల్లే డబ్బా లేకుండా చోటు చూసి ప్రశ్నకి జవాబు చెప్పే కాష్‌లు పెరిగాయి, 2004లో ఎర్త్‌కాష్‌లు వచ్చాయి, అక్కడ రాళ్ళూ నేలా చూసి జియాలజీ నేర్చుకోవడమే ఆట. రెండు కాష్‌ల మధ్య కనీసం 161 మీటర్లు, అంటే మైలులో పదో వంతు, దూరం ఉండాలన్న రూల్ కూడా ఒకే చోట గుంపుగా దాచకుండా ఉండటానికి పెట్టిందే.

ఉల్మర్ బకెట్ పోయాక, ఆ చోట 2003లో ఒక ఫలకం పెట్టారు, అది ఇప్పుడు కాష్‌గానే లిస్ట్‌లో ఉంది, దూరదేశాల నుంచి కూడా వచ్చి చూసి వెళ్తుంటారు. ఆ చోటే తుప్పు పట్టిన బీన్స్ డబ్బా కూడా దొరికింది, దాన్ని జియోకాషింగ్ కార్యక్రమాలకి తీసుకొచ్చి చూపిస్తుంటారు.

నా దగ్గర ఏం మార్చుకున్నా

ఈ కేసు చదివి, ఆ పాత పోస్టులు చూసి, దాచే పద్ధతి కన్నా చూసుకునే పద్ధతి మీద ఎక్కువ శ్రద్ధ పెట్టా. దాచేటప్పుడు రీడింగ్ ఒక్కసారి తీసుకుని వదిలేయను, పని మీద నేర్చుకున్న అలవాటు ఇక్కడా వాడతా, వేరు వేరు రోజుల్లో, వేరు వేరు టైముల్లో తీసుకుని సగటు చేస్తా, శాటిలైట్లు ఆకాశంలో వేరే వేరే చోట్ల ఉంటాయి కాబట్టి తప్పు ఒకవైపే పేరుకోదు. నా వైపు తప్పు మూడు నాలుగు మీటర్లకి దిగితే వెతికేవాడు తన తప్పు ఒక్కటే మోస్తాడు. చెట్ల కింద ఆకాశం మూసుకుపోయిన చోటైతే, దగ్గర్లో తెరిపిగా ఉన్న చోట రీడింగ్ తీసుకుని, అక్కణ్ణుంచి టేపు, దిక్సూచితో కొలిచి లెక్క కడతా, సర్వేలో ఆఫ్‌సెట్ అంటామే అదే.

డబ్బా విషయంలో మిలిటరీ వాళ్ళు తూటాలు పెట్టుకునే ఇనుప పెట్టెని మించింది ఇంకా చూడలేదు, మూతకి రబ్బరు గాస్కెట్ ఉంటుంది, ఒరెగాన్ వానకి అదే తట్టుకుంటుంది. కానీ గాస్కెట్‌లో ఒక్క ఎండు ఆకు ఇరుక్కుంటే చాలు, నీళ్ళు లోపలికి. కాబట్టి కాష్ పేజీలో మూత వేసే ముందు అంచు తుడవమని రాస్తా, చాలామంది తుడుస్తారు. లాగ్ పుస్తకం నిండాక కొత్తది పెట్టి, పాతదాన్ని ఫోటోలు తీసి దాచుకుంటా.

అన్నిటికన్నా ముఖ్యం అప్పగించడం. మన తెలుగువాళ్ళలో ఇక్కడ కాష్‌లు పెట్టేవాళ్ళు కొందరు ఉన్నారు, ఉద్యోగం మారి వేరే రాష్ట్రం వెళ్తారు, కొందరు ఇండియా వెళ్ళిపోతారు, డబ్బాలు అడవిలో అనాథలుగా మిగిలిపోతాయి, ఏడాది తిరిగేసరికి అవి చెత్త, పార్కువాళ్ళ దృష్టిలో మనందరి చెత్త. సైట్‌లో అడాప్షన్ అని ఒక సదుపాయం ఉంది, కాష్ యజమాని ఇంకొకరి పేరు మీదికి మార్చొచ్చు, అవతలివాళ్ళు ఒప్పుకుంటే పాత లాగ్‌లన్నీ అలాగే ఉండి యజమాని పేరొకటే మారుతుంది. ఊరు మారబోతున్నవాళ్ళు మూటాముల్లె సర్దుకునే నెలలోనే ఈ పని కూడా చేయండి, తీసుకునే వాళ్ళని ఒకసారి వెంట తీసుకెళ్ళి చోటు చూపించండి, స్థలం యజమానితో పరిచయం చేయించండి, అనుమతి ఎవరు ఇచ్చారో, ఎప్పుడు ఇచ్చారో కాగితం వాళ్ళ చేతికివ్వండి. తీసుకునేవాళ్ళు ఎవరూ లేకపోతే మీరే వెళ్ళి డబ్బా తీసేసి, సైట్‌లో ఆర్కైవ్ నొక్కి వెళ్ళండి.